ఎర్రకళ్ల డేరా

"కళ్లు తెరు, సూర్యం."

సూర్యం తెరవబోయాడు. ఎడమ కన్ను సగం విచ్చుకుని, వెలుతురుకి మళ్లీ మూసుకుపోయింది. కుడి రెప్ప మాత్రం నూనెలో వేసిన పూరీలా పొంగి, తెరుచుకోనని మొండికేసింది. నీళ్లు బొటబొటా కారాయి. చెయ్యి తనంతట తనే కంటి మీదికి పోయింది.

"రుద్దకు!" అన్నాడు గణపతిరావు. "మంటా? దురదా?"

"దురదే బాబూ. మంటయితే ఓర్సుకుందుం. ఇది కళ్లు పీకి పక్కనెట్టుకుందామనిపిత్తంది. కసమ్ సే, ఒట్టు!"

గణపతిరావు ఆ కుర్రాడి గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పాడు. రైల్వే పోలీసులో ఎస్సై ఉద్యోగం వదిలేసి, భాలుబాసాలోని రెండు గదుల ఇంటికే డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్న మనిషతను. వ్యాగన్ల దొంగతనం కేసులో అతని పనితనం చూసినవాడు కాబట్టే ఈ సైనికదళం మేజర్ ఈ పొద్దున జీపు పంపాడు.

ఆదిత్యపూర్ దాటాక ఖర్కాయి ఏటి ఒడ్డున వంతెనలు కట్టే సాపర్ల దళం డేరాలు వేసి పక్షం కావస్తోంది. పందొమ్మిదివందల డెబ్భై ఒకటి, నవంబరు నెలాఖరు. తూర్పు సరిహద్దుకి ఏ రోజు పిలుపొస్తుందా అని చూస్తుంటే, పిలుపు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి బండి. సరిగ్గా ఇప్పుడే ఒక డేరా మొత్తం కళ్లు వాచి కూర్చుంది. ఆ డేరాలో ఉన్నది తెలుగు కుర్రాళ్లు. పడవలు జోడించి ఏటి మీద వంతెన బిగించడంలో దళం మొత్తానికి వాళ్లే పెట్టింది పేరు.

"రావ్ సాబ్, వీళ్లు లేకుండా నా వంతెన లేదు," అన్నాడు మేజర్ హిందీలో. "కానీ వీళ్లు కావాలని కళ్లు పాడు చేసుకున్నారని తేలితే, వెంట తీసుకెళ్లను. పిరికివాళ్లని రాసి వదిలేస్తాను. ఇతన్ని మాత్రం కోర్టు మార్షల్‌కి పంపాలి. మూడింటి లోపల చెప్పండి."

సూర్యం తల దించుకోలేదు. మూసుకుపోయిన కళ్లతోనే మేజర్ గొంతు వినబడ్డ వైపు నిటారుగా నిలబడ్డాడు.

"తేలడానికి ఇంకా ఏముందండీ?" అంటూ డేరా తెర తొలగించుకుని లోపలికొచ్చాడు ఇన్‌స్పెక్టర్ నారాయణమూర్తి. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, చంకలో కర్ర. ఒకప్పుడు గణపతిరావుతో ఒకే బెంచీ మీద కూర్చుని ట్రైనింగ్ చేసినవాడు. "ఓహో, గణపతీ! నువ్వింకా స్టేషన్లో బొగ్గు బస్తాలు లెక్కపెట్టుకుంటున్నావనుకున్నానే!"

"ఆ లెక్క సరిపోయిందనే పిలిచారు మూర్తీ. నీ లెక్క ఎంతవరకొచ్చిందో చెప్పు, కూడుదాం."

నారాయణమూర్తి జేబులోంచి ఓ నల్లటి గింజ తీసి బల్ల మీద టక్కున పెట్టాడు. దానికి ఎర్రదారం చుట్టి ఉంది.

"నల్లజీడి. ఇతని పెట్టెలో దొరికింది. దీని రసం చుక్క తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుందని మన ప్రాంతంలో చంటిపిల్లల తల్లిని ఎవర్నడిగినా చెబుతుంది. యుద్ధానికి వెళ్లడం ఇష్టం లేక, తను పూసుకుని, పక్కవాళ్లకీ పూశాడు. చూసిన సాక్షి కూడా ఉన్నాడు. క్యాంటీన్ జగ్గారావు."

"అది మా అమ్మ ఇచ్చింది!" సూర్యం గొంతు ఒక్కసారి లేచింది. "భుయ్యాడీహ్‌లో మా ఇంటికి సెలవు మీద ఎల్లినప్పుడు మొల్లో కట్టుకోరా, దిష్టి తగలదు అంది. ఫౌజీని, నాకేటి దిష్టని సిగ్గేసి పెట్టెలో పడేసాను. నాను ఎల్లనన్నానా? ఎవడన్నాడు? ఎదురుగా అనమనండి ఆ మాట!"

"సూర్యం," అన్నాడు గణపతిరావు నెమ్మదిగా. కుర్రాడు నోరు మూశాడు కానీ ఛాతీ ఎగసిపడుతూనే ఉంది.

గణపతిరావు గింజని వేళ్ల మధ్య పట్టి తిప్పాడు. అతనికి ఇల్లు గుర్తొచ్చింది. కిందటి నెల చంటిదాని మొలతాడుకి అతని భార్య అమ్మణ్ణి ఇలాంటి గింజే కట్టింది. అది ఎప్పుడు చిట్లిందో ఎవరూ చూడలేదు. మర్నాటికి పిల్ల నడుం చుట్టూ పొక్కులు. దిష్టి పోవాలని కట్టిన చేతులతోనే పిల్లకి కొబ్బరినూనె రాస్తూ అమ్మణ్ణి ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది.

"డాక్టర్ సాబ్, అద్దం ఇస్తారా?"

మూల నిలబడ్డ మిలిటరీ డాక్టరు భూతద్దం అందించాడు. గణపతిరావు గింజని నాలుగు పక్కలా చూసి, అద్దంతో సహా నారాయణమూర్తి చేతిలో పెట్టాడు.

"రసం తియ్యాలంటే గింజ పగలాలి. పోనీ సూదితో గుచ్చాలి. దీనిమీద గీత ఉందేమో నువ్వే చూపించు."

నారాయణమూర్తి చూశాడు. నున్నగా నిగనిగలాడుతున్న గింజ. దవడ బిగించాడు.

"ఇంకో గింజ ఉండుంటుంది. వాడేసి పారేసి ఉంటాడు."

"ఉండచ్చు. డాక్టర్ సాబ్, మీరేమంటారు? ఊరంతా జై బంగ్లా అంటున్నారు కదా!"

ఆ ఏడు దేశమంతా కళ్లకలక వచ్చింది. దానికి జనం పెట్టుకున్న పేరే జై బంగ్లా.

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "అదయితే ఈపాటికి నాతో సహా దళమంతటికీ అంటుకునేది. ఇది ఎలర్జీ. ఒంటికి పడని వస్తువేదో మళ్లీ మళ్లీ తగులుతోంది. నిన్ననే సబ్బు మార్పించాను, డేరా చుట్టూ పిచ్చిమొక్కలు పీకించాను, కొత్త తువ్వాళ్లు ఇప్పించాను. అయినా పొద్దున లేచేసరికి వాపు. అదేమిటో దొరికి, అది తగలకుండా చేస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అందరికీ రాదు కూడా. ఒకే వస్తువు ఒకడికి పడుతుంది, ఇంకొకడికి పడదు."

"పొద్దున లేచేసరికి," అని ఆ మాటే మళ్లీ అన్నాడు గణపతిరావు. "మీ దగ్గరికి ముందుగా ఎవరొచ్చారు?"

"ఆ క్యాంటీన్ మనిషి జగ్గారావు. మొన్న తనంతట తనే వచ్చి పడుకున్నాడు. ఈ కుర్రాళ్లనయితే నేనే పట్టుకోవాల్సొచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని మూడు రోజులు దాచారు. నిన్న పడవ మీద సూర్యం చేతిలో మోకు జారితే బయటపడింది."

గణపతిరావు నారాయణమూర్తి వైపు తిరిగాడు. "విన్నావా? యుద్ధం తప్పించుకోవాలని కళ్లు పొడుచుకున్నవాడు ఆ కళ్లని నల్లద్దాల వెనక దాస్తాడా? పరిగెత్తుకెళ్లి డాక్టరుకి చూపిస్తాడు."

"దాచినవాడే దొంగ. నీ సర్వీసులో ఆ మాట నేర్పలేదూ?"

"నేర్పారు. ఏం దాస్తున్నాడో ముందు చూడమని కూడా నేర్పారు."

మేజర్ మీసం చాటున నవ్వు ఆపుకున్నాడు.

ఆసుపత్రి డేరా రైల్వే సైడింగ్ పక్కనే వేశారు. తెర లేపితే చాలు, నాలుగింటికి బయల్దేరాల్సిన వ్యాగన్లు చేతికందేటంత దగ్గర. పడవలు, ఇనప దూలాలు ఎక్కిస్తున్నారు. లోపల మంచం మీద జగ్గారావు వెల్లకిలా పడుకుని మూలుగుతున్నాడు. అతని కళ్లు నిజంగానే మందారపువ్వుల్లా ఉన్నాయి.

"మంట బాబోయ్ మంట! కారం కొట్టినట్టుంది. సచ్చిపోతన్నాను!"

"దురద లేదా జగ్గారావ్?"

"దురదా? మంటేనండీ బాబూ, మంట!"

"సూర్యం ఏం చేస్తుంటే చూశావు?"

"రాత్రిపూట గింజ పట్టుకుని డేరాలో తిరిగాడండి. ఒక్కొక్కడి కళ్లకీ రాసాడు. నేను వద్దురా నాయనా అంటే నాకూ పూసేశాడు."

"ఏ చేత్తో?"

జగ్గారావు ఒక్క క్షణం ఆగాడు. "కుడిచేత్తో."

"సరే. నువ్వు ఏ పక్కకి తిరిగి పడుకుంటావు?"

"ఇదేం ప్రశ్నండీ? ఎలాగోలా."

గణపతిరావు అతని చెంపలు చూశాడు. నున్నగా ఉన్నాయి. రెప్పలు పల్చగా ఉన్నాయి. అంత ఎర్రటి కంటికి వాపు లేదు. ఆ సంగతి పైకి అనకుండా దుప్పటి సరిచేసి, "బాగా నిద్రపో" అని బయటికొచ్చేశాడు.

"ఇంకేం కావాలి నీకు?" అన్నాడు నారాయణమూర్తి వెంట నడుస్తూ.

"ఒక దిండు."

తెలుగు కుర్రాళ్ల డేరాలో మంచాలు వరసగా ఉన్నాయి. గణపతిరావు కుర్రాళ్లని ఎవరి మంచం దగ్గర వాళ్లని నిలబెట్టి మొహాలు పరీక్షించాడు. ఒక్కొక్కరికి ఒక్కో కన్ను ఎక్కువ వాచింది. ఆ కంటి పక్కనే చెంపమీద చెమటకాయల్లాంటి సన్నటి పొక్కులు. కుడిపక్క పడుకునేవాడికి కుడివైపు, ఎడమపక్క పడుకునేవాడికి ఎడమవైపు.

"మూర్తీ, ఇలా రా. చేత్తో పూస్తే రెండు కళ్లకీ సమానంగా పూస్తాడు. పడుకునే వైపు చూసి పూసే తీరిక ఎవరికుంటుంది?"

అతను సూర్యం దిండు ఎత్తి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. తెల్లటి గలీబు, చలువ చేసి మడతపెట్టినంత శుభ్రంగా ఉంది. సరిగ్గా మధ్యలో, చెంప ఆనేచోట, మిరియం గింజంత నల్లచుక్క. పక్క దిండు మీదా ఉంది. ఆ పక్కదాని మీదా ఉంది.

"చాకలి గుర్తు," అన్నాడు నారాయణమూర్తి తేలిగ్గా. "ప్రతి బట్టకీ ఉంటుంది."

"గుర్తు అంచు లోపల వేస్తారు, ఎవరికీ కనబడకుండా. వేశాక జీడిరసం ఒంటికి తగలకుండా పైన తడిసున్నం అద్దుతారు. ఇది నడిబొడ్డున ఉంది. సున్నం ఛాయ కూడా లేదు." గణపతిరావు గలీబుని వెలుతురుకి ఎత్తాడు. "ఇది గుర్తు కాదు మూర్తీ. ఇది బొట్టు."

బట్టలుతికే తవిటమ్మని ఏటి ఒడ్డునుంచి పిలిపించారు. టెక్కలి దగ్గరి పల్లెనించి మొగుడితో వచ్చి, ఇరవై ఏళ్లుగా ఖర్కాయి నీళ్లలోనే చేతులు నానబెట్టుకున్న మనిషి. తడి చీర పిండుకుంటూ వచ్చి, ఇంతమంది అధికార్లని చూసినా తొణకలేదు.

"తవిటమ్మా, ఈ చుక్కలు నువ్వేసినావా?" అన్నాడు గణపతిరావు ఆవిడ యాసలోనే.

"నానే ఏసినాను బాబు."

"ఏటి ఈ చుక్క?"

"అయ్యో, తెలుగు బాబువి, నీకు తెల్దా? జీడిసుక్క. దిష్టికి." ఆవిడ సూర్యం వైపు చూసి మొహం చాటంత చేసుకుంది. "ఈ కుర్ర గుంటలు ఏటి మీద పడవలేసి పరిగెడతంటే ఊరు ఊరంతా వచ్చి సూత్తన్నాది బాబు. ఎన్ని కళ్లు! మనోల్లు, మన బాస మాటాడే గుంటలు, యుద్ధానికెల్తన్నారు. ఆల్ల తల్లులు ఎక్కడున్నారో! మొల్లో కట్టుకోండి నాయినా అంటే నవ్వుతారు. అందుకే తలగడ మీద ఎట్టినాను. నిద్దట్లో మొకాన్ని అంటిపెట్టుకునుంటాదని."

"సున్నం అద్దలేదేం?"

"సున్నమద్దితే సచ్చిపోద్ది కద! బట్టకి గుర్తుకయితే సున్నం. దిష్టికి పచ్చిదే ఉండాల. ప్రతి ఉతుక్కీ కొత్తది ఎడతన్నాను." చేతులు చాపింది. అరచేతుల్లో పాత నల్లమచ్చలు. "నాకేటవదు. అలవాటైపోనాది."

డాక్టరు గలీబుని రెండువేళ్లతో పట్టుకుని, దొరికావా అన్నట్టు చూస్తున్నాడు.

నారాయణమూర్తి కర్ర బల్ల మీద కొట్టాడు. "ఒప్పుకుంది! సైన్యాన్ని గుడ్డిదాన్ని చేసింది. అరెస్టు చేస్తున్నాను."

తవిటమ్మకి అప్పుడు అర్థమయింది. సూర్యం కళ్లవైపు, తన చేతులవైపు మార్చి మార్చి చూసింది. "నా సుక్క వల్లనా నాయినా? నా సేత్తోనా?" అంటూ నేలమీద చతికిలబడింది. ఆ మొహంలో గణపతిరావుకి కొబ్బరినూనె గిన్నె పట్టుకున్న అమ్మణ్ణి కనబడింది.

సూర్యం తడుముకుంటూ ముందుకొచ్చి ఆవిడకీ నారాయణమూర్తికీ మధ్య నిలబడ్డాడు. అతని వెనక ఒక్కొక్కరుగా డేరా కుర్రాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. ఎర్రటి కళ్లు, వాచిన మొహాలు, చేతుల్లో ఏమీ లేవు.

"పెద్దమ్మని ముట్టుకోకండి సార్. ఆవిడ మమ్మల్ని గుడ్డోల్లని సెయ్యలేదు. నిద్దర్లో కూడా కాపలా కాసింది."

గణపతిరావు జరిగినదంతా మేజర్‌కి హిందీలో విప్పి చెప్పాడు. మేజర్ విని, మీసం మెలేశాడు. తర్వాత టోపీ సరిచేసుకుని తవిటమ్మ ముందు వంగి, చెయ్యి పట్టి లేపాడు.

"ఇన్‌స్పెక్టర్, ఈవిడ నేరం నాకు కనబడటం లేదు. డాక్టర్, ఈ గలీబులన్నీ తగలబెట్టించండి. ఈ కుర్రాళ్లు నాతో వస్తున్నారు. సరిహద్దు చేరేసరికి రెప్పలు విప్పాలి. సూర్యం!"

"సాబ్!"

"నువ్వు పిరికివాడివని రాయబోయాను."

"రాయలేదు కదా సాబ్," అన్నాడు సూర్యం. డేరా అంతా గొల్లున నవ్వింది. తవిటమ్మ కూడా ముక్కు చీదుకుంటూ నవ్వింది.

గణపతిరావు ఒక్కడే నవ్వలేదు. అతని మనసు వేరే మంచం మీద ఉంది.

"తవిటమ్మా, క్యాంటీన్ జగ్గారావు తలగడకి కూడా ఎట్టినావా?"

"ఆడికెందుకు బాబు? ఆడు యుద్ధానికెల్తాడా ఏటి? పొట్లాలమ్ముకునేవోడు."

గణపతిరావు అప్పటికే తెర తోసుకుని పరిగెడుతున్నాడు.

"ఏమయింది?" నారాయణమూర్తి వెంటబడ్డాడు.

"చుక్క లేనివాడికి కళ్లెందుకు ఎర్రబడ్డాయి? వాపు లేదు, దురద లేదు, చెంపమీద పొక్కు లేదు! ఈ కుర్రాళ్ల రోగం చూసి, దాన్ని వేషంగా వేసుకున్నాడు. నీ సాక్షి!"

ఆసుపత్రి డేరాలో జగ్గారావు మంచం ఖాళీగా ఉంది. తలగడ ఎత్తితే కింద తడి తడిగా బట్టల సబ్బుముక్క, కళ్లు ఎర్రబడటానికి రుద్దుకున్నది. దాని పక్కన తెగిన తీగతో ఓ సీసపు బిళ్ల. రైల్వేలో పన్నెండేళ్లు చేసినవాడికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. వ్యాగను సీలు.

"రోగిని ఎవడూ హాజరు పిలవడు," అన్నాడు గణపతిరావు రొప్పుతూ. "సైడింగ్ పక్కనే పడక. రెండు రోజులు ఇక్కడ తీరిగ్గా పడుకుని ఏం చేశాడో?"

మేజర్ బిళ్ల లాక్కుని దాని మీద అంకెలు చదివాడు. "ఈ నంబరు మందుగుండు వ్యాగనుది. వాడు శత్రువుల మనిషి!"

బయట ఆ వ్యాగను తలుపుకి కొత్త సీలు మెరుస్తోంది. ఒక జవాను "తెరుస్తాను సాబ్" అంటూ తలుపు మీద చెయ్యి వేయబోయాడు.

"ఛూనా మత్!" వెనకనుంచి సూర్యం అరిచాడు. డేరా కుర్రాళ్ల భుజాలు పట్టుకుని నడిచొచ్చాడు. "ముందు కింద చూడాల సాబ్. బాంబులు తియ్యడం మా పనే. చీకట్లో సేతుల్తో తడిమి తియ్యడమే నేర్పినారు మాకు. ఇయాల కళ్లు లేకపోతే ఏటి?"

మేజర్ అతని వాచిన మొహం వైపు చూశాడు. చూసి, తల ఊపాడు. ఆ ఊపడం సూర్యానికి కనబడదని గుర్తొచ్చి, "జా బేటా," అన్నాడు.

సూర్యం పట్టాల మధ్య వెల్లకిలా పడుకుని వ్యాగను కిందికి జారాడు. అతని వేళ్లు ఇనుము మీద మెల్లగా పాకాయి. ఇరుసు, గొలుసు, బద్ద. ఆగాయి.

"ఉంది సాబ్. డబ్బా. కొబ్బరికాయంత." గొంతు నిబ్బరంగా ఉంది. "దానికో దారం. నా వేలికి తగిలింది. బిగుసుగా ఉంది. ఆగండి, రెండో కొస ఎటు పోయిందో సూత్తాను."

దారం వెంట అతని రెండో చెయ్యి పాకింది.

"పక్క వ్యాగనుకి కట్టినాడు. తలుపు గొడవ కాదు. బండి జానెడు కదిలితే సాలు."

అదే నిమిషాన బండి ముందు చివర ఇంజను కూత వేసింది.

"ఇంకా టైము కాలేదే!" అరిచాడు మేజర్. "ఎవడిచ్చాడు సిగ్నల్?"

దూరంగా, ఇంజను పక్కన, నల్లద్దాలు పెట్టుకున్న మనిషెవడో పచ్చజెండా ఊపుతున్నాడు. జగ్గారావే. నారాయణమూర్తి కర్ర పారేశాడు. టోపీ పడిపోయినా చూసుకోకుండా, ఇస్త్రీ బట్టలతో కంకర మీద ఇంజను వైపు పరుగు తీశాడు. అతను అంత వేగంగా పరిగెత్తగలడని గణపతిరావు ఎన్నడూ అనుకోలేదు.

"సూర్యం! బయటికి రా!"

"రాలేను బాబూ. డబ్బా మేకు నొక్కి పట్టుకున్నాను. నాను వొదిలితే బండి కదలగానే దారం దాన్ని లాగేత్తాది." కిందనించి మాట తేలిగ్గానే వచ్చింది. "పెట్టెలో గింజ మా అమ్మకి ఇచ్చెయ్యండి. కట్టుకోనందుకు తిడతాది."

ముందు వ్యాగను గొలుసు ఖణేల్‌మంది. దాని వెనకది. దాని వెనకది. గొలుసులు బిగుసుకుంటున్న ఆ చప్పుడు ఒక్కో వ్యాగనే దాటుకుంటూ వాళ్లవైపు వస్తోంది. వ్యాగను కిందినుంచి కనబడుతున్న సూర్యం చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు.